కారుకు వెనక స్పాయిలర్ ఇంట్లోనే బిగించుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

స్పాయిలర్ అంటే కారు వెనక అంచున గట్టులా లేచి ఉండే ముక్క. దాన్ని బిగించడం అరపూట పని. ఆ అరపూటలో నిజంగా అంటించేది, బోల్టు వేసేది పది నిమిషాలు కూడా ఉండదు. మిగతా సమయమంతా కొలవడానికి, తుడవడానికి, మళ్ళీ కొలవడానికి పోతుంది. ఆ మిగతా పనిని తేలిగ్గా తీసుకున్నవాళ్ళే తర్వాత తల పట్టుకుంటారు. నేనూ ఒకసారి పట్టుకున్నాను. ఆ సంగతి కింద వస్తుంది.

స్పాయిలర్ పెడితే కారుకు నిజంగా ఏమైనా ఒరుగుతుందా, ఊరికే అందమేనా?

మామూలు రోడ్డు మీద, మామూలు వేగంలో అయితే అందమే. ఈ మాట ముందే ఒప్పేసుకుంటే చాలా టెన్షన్ తగ్గుతుంది.

కారు వేగంగా వెళ్తున్నప్పుడు పైకప్పు మీదుగా వచ్చిన గాలి వెనక గ్లాసు వంపు వెంట కిందికి జారుతుంది. అలా జారేటప్పుడు కారు వెనక భాగాన్ని కొంచెం పైకి లాగుతుంది. డిక్కీ అంచున చిన్న గట్టులాంటిది పెడితే గాలి ఆ వంపును పట్టుకుని జారలేక అక్కడే విడిపోతుంది, పైకి లాగే బలం తగ్గుతుంది. స్పాయిల్ అంటే చెడగొట్టడం కదా, గాలి దారిని చెడగొడుతుంది కాబట్టే ఆ పేరు.

గాలి బలం వేగానికి వర్గంగా పెరుగుతుంది. గంటకు 40 కిలోమీటర్ల దగ్గర ఉన్న బలం 120 దగ్గర మూడు రెట్లు కాదు, తొమ్మిది రెట్లు అవుతుంది. అందుకే రేసు ట్రాక్ మీద అది ప్రాణం, కూరగాయలకు వెళ్ళేటప్పుడు అలంకారం. అలాగని ఉత్త అలంకారమే అనుకోకండి. ఆడీ టీటీ మొదటి తరం కారు 1990ల చివర వచ్చినప్పుడు వెనక స్పాయిలర్ లేకుండా నున్నగా ఉండేది. జర్మనీ హైవేల మీద బాగా వేగంగా వెళ్తూ అదుపు తప్పిన ప్రమాదాలు జరిగాక, కంపెనీ ఆ కార్లను వెనక్కి పిలిచి డిక్కీ మీద చిన్న స్పాయిలర్ పెట్టింది, సస్పెన్షన్ మార్చింది, కారు జారకుండా కాచే ఎలక్ట్రానిక్ ఏర్పాటు ఈఎస్‌పీ కూడా ఇచ్చింది.

స్పాయిలర్, వింగ్ ఒకటేనా?

బజారులో రెంటినీ స్పాయిలర్ అనే అమ్ముతారు. పని మాత్రం వేరు. స్పాయిలర్ కారు ఒంటికి అతుక్కుని ఉంటుంది, దాని కింద నుంచి గాలి పోదు. వింగ్ కాళ్ళ మీద పైకి లేచి ఉంటుంది. గాలి దాని పైనా కిందా రెండు వైపులా పోతుంది. విమానం రెక్కను తలకిందులు చేస్తే ఎలాగో అలా అది కారును కిందికి నొక్కుతుంది. 1972లో వచ్చిన పోర్షె 911 కరెరా ఆర్ఎస్ 2.7 వెనక బాతు తోకలా లేచి ఉండేది స్పాయిలర్. రేసు కార్ల వెనక నిచ్చెన మెట్టులా కనబడేది వింగ్.

ఇంట్లో మొదటిసారి చేసేవాళ్ళు బాతు తోక రకమో, అంచు పట్టీ రకమో తీసుకోండి. ఎత్తు కాళ్ళ వింగ్ గురించి కింద విడిగా చెప్పాను.

మైలేజీ పెరుగుతుందా?

మీరు గుర్తుపట్టేంత పెరగదు. హ్యాచ్‌బ్యాక్ పైకప్పు చివర కంపెనీ వాళ్ళు లెక్కగట్టి పెట్టిన స్పాయిలర్ గాలి అడ్డును కాస్త తగ్గించవచ్చు. మనం కొని పెట్టే పెద్ద వింగ్ అడ్డును పెంచుతుంది, అంటే మైలేజీ తగ్గుతుంది.

నా కారుకు ఇంజన్ బలం ముందు చక్రాలకు వెళ్తుంది. వెనక నొక్కితే ఉపయోగం ఏమిటి?

మంచి ప్రశ్న. పికప్‌కు ఉపయోగం లేదు. పైగా నొక్కే బలం వెనక ఇరుసుకు ఇంకా వెనక పడుతుంది కాబట్టి, తూగుడు బల్ల లెక్కన, ముందు చక్రాల మీద బరువు కొంచెం తగ్గుతుంది. మరీ వేగంలో మలుపు తీసుకునేటప్పుడు ముందు భాగం బయటికి జారాలని చూస్తుంది. చిన్న స్పాయిలర్‌తో ఇది మీకు తెలియను కూడా తెలియదు. పెద్ద వింగ్ పెట్టి, బాగా నిటారుగా తిప్పి, ఖాళీ హైవే మీద పరీక్షించాలనుకునేవాళ్ళు మాత్రం గుర్తుపెట్టుకోవాలి.

ఏబీఎస్, ఫైబర్‌గ్లాస్, కార్బన్ ఫైబర్: ఏది కొనాలి?

ఏబీఎస్ ప్లాస్టిక్. మొదటిసారికి ఇదే నా ఓటు. అచ్చులో పోసి చేస్తారు కాబట్టి కొలతలు బాగా కుదురుతాయి, కొంచెం వంగుతుంది, చిన్న దెబ్బకు పగలదు, పెయింట్ బాగా పడుతుంది.

ఫైబర్‌గ్లాస్ గట్టిగా ఉంటుంది కానీ చేత్తో పేర్చిన ముక్క అయితే ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది. అంచులు రుద్దాలి, గుంటలు పుట్టీతో నింపాలి. రుద్దేటప్పుడు లేచే పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, చర్మం మీద పడితే దురద. మాస్కు, చేతి తొడుగులు లేకుండా దాని జోలికి పోవద్దు.

కార్బన్ ఫైబర్ తేలిక, గట్టిది, అందం. పైన ఉన్న క్లియర్ కోట్, అంటే రంగు లేని పారదర్శక పూత, సరిగ్గా లేకపోతే ఎండకు పసుపెక్కుతుంది. ఇంకో చిక్కు ఉంది. కార్బన్‌లో కరెంటు ప్రవహిస్తుంది, రేడియో తరంగాలను అడ్డుకుంటుంది. కొన్ని హ్యాచ్‌బ్యాక్‌లలో ఏంటెన్నా కంపెనీ స్పాయిలర్ లోపలే ఉంటుంది. దాన్ని తీసి కార్బన్‌ది పెట్టాక రేడియో గరగరమంటే ఆశ్చర్యపోకండి.

కార్బన్ బొమ్మ అచ్చేసిన ప్లాస్టిక్ కూడా ఉంది. ప్లాస్టిక్ అని తెలిసే కొంటే ఇబ్బందేమీ లేదు.

నా మోడల్‌కే చేసింది కావాలా? "అన్ని కార్లకూ" అని ఉన్నది సరిపోదా?

డిక్కీ మూత చదునుగా ఉన్నట్టు కనిపిస్తుంది గానీ ఉండదు. స్కేలు ఆనించి చూడండి, రెండు చివర్లా కిందికి వంగి ఉంటుంది. అన్ని కార్లకూ సరిపోయేది అంటే ఏ కారుకూ పూర్తిగా సరిపోనిది. మెత్తటి రబ్బరు పట్టీలాంటివి మాత్రం దీనికి మినహాయింపు, అవి వంపు వెంట వంగుతాయి.

కొన్నాక మొదట చేయాల్సిన పని టేప్ కాగితం పీకడం కాదు. ఒట్టిగా డిక్కీ మీద పెట్టి చూడండి. నొక్కకుండా, దాని బరువుతో అది కూర్చున్నప్పుడు చుట్టూ సందు ఎంతుందో చూడండి. ఒక మిల్లీమీటరు లోపు ఉంటే టేప్ మందమే సర్దుకుంటుంది. రెండు, మూడు మిల్లీమీటర్ల సందును చేత్తో నొక్కి మూసి అంటించారంటే, ఆ ప్లాస్టిక్ స్ప్రింగులా రాత్రీ పగలూ పైకి లేవాలని లాగుతూనే ఉంటుంది. ఎంత మంచి టేప్ అయినా కొన్నాళ్ళకు అంచు నుంచి లేస్తుంది. అలాంటిది తిరిగి ఇచ్చేయడమే మేలు.

టేప్ చాలా, బోల్టులు తప్పవా?

దీని గురించి వాదనలు తెగవు. నా లెక్క ఇది: డిక్కీ ఒంటికి ఆనుకుని ఉండే తేలికపాటి ముక్కకు టేప్ చాలు. గాలిలోకి లేచి ఉండి, ఒక చేత్తో పట్టుకుంటే బరువు తెలిసేదానికి బోల్టులు ఉండాల్సిందే.

టేప్ అంటే స్టేషనరీ కొట్లో దొరికే నురుగు టేప్ అనుకుంటారు, అందుకే నమ్మరు. త్రీఎం వీహెచ్‌బీ లాంటి ఆక్రిలిక్ ఫోమ్ టేప్ వేరే జాతి. కంపెనీ నుంచే వచ్చే కార్లలో బ్యాడ్జీలు, డోర్ల పక్క పట్టీలు ఇలాంటి టేపులతోనే అంటిస్తారు. ఈ టేప్‌కు రెండు గుణాలు తెలుసుకోవాలి. మొత్తం మీద సమానంగా లాగితే, లేదా పక్కకు జరపబోతే అది చాలా గట్టిది. ఒక మూల పట్టుకుని ఒలిచినట్టు లాగితే బలహీనం. పైన సందు గురించి అంత గట్టిగా చెప్పింది అందుకే.

బోల్టులతో వచ్చే బలం వేరు. కానీ ఒకసారి చిల్లు పెట్టాక ఆ డిక్కీ మూత ఇక మునుపటిది కాదు. కొత్త కారు అయితే డ్రిల్లు పట్టుకునే ముందు ఒక రాత్రి ఆగండి. పొద్దున కూడా పెట్టాలనే అనిపిస్తే పెట్టండి.

పెయింట్ ముందా, బిగించడం ముందా?

పెయింటే ముందు. కారు రంగు కోడ్ డ్రైవర్ డోర్ తెరిస్తే కనిపించే పట్టీ మీదో, బానెట్ కిందో ఉంటుంది. దాంతోనే రంగు కలిపించుకోండి. ఎండలో పాతబడిన కారుకు కోడ్ ప్రకారం కలిపిన రంగు కూడా ఒక ఛాయ తేడాగా కనిపించవచ్చు. అలాంటప్పుడు నలుపు వేయించుకోవడం తెలివైన పని. తేడాగా కనిపించే తెలుపు కన్నా, కావాలని వేసినట్టుండే నలుపు నయం.

రంగు వేసిన వెంటనే టేప్ అంటించకండి. పైకి ఆరినట్టున్నా లోపల ద్రావకం ఇంకా బయటికి వస్తూనే ఉంటుంది. టేప్ ఆ పచ్చి పెయింట్‌ను పట్టుకుంటుంది, పెయింట్ ప్లాస్టిక్‌ను వదిలేస్తుంది. గాలికి ఆరిన పెయింట్ అయితే కొన్ని వారాలు ఆగడం మంచిది. ఇదే మాట డిక్కీకి ఈ మధ్యే రంగు వేయించినవాళ్ళకూ వర్తిస్తుంది.

సామాన్లు ఏమేం కావాలి?

టేప్ పద్ధతికి: మాస్కింగ్ టేప్, కొలత టేప్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూలు రాలని మెత్తటి గుడ్డలు, హెయిర్ డ్రయర్. స్పాయిలర్‌తో టేప్ రాకపోతే అదీ, దానికి తగిన ప్రైమరూ (టేప్ బాగా పట్టడానికి ముందు పూసే ద్రవం).

బోల్టు పద్ధతికి ఇవికాక డ్రిల్లు, 3 మిల్లీమీటర్ల బిట్టు, బోల్టుకు సరిపడే పెద్ద బిట్టు, సెంటర్ పంచ్, చిన్న గుండ్రటి ఆకురాయి, తుప్పు పట్టకుండా వేసే ప్రైమర్, టచ్‌అప్ పెయింట్, వెడల్పు వాషర్లు, రబ్బరు వాషర్లు, సీలెంట్, కళ్ళద్దాలు.

రెండింటికీ కావలసింది ఇంకో మనిషి. ఇది మాత్రం వదలకండి. పొడవాటి ముక్కను ఒక్కరే రెండు చివర్లా చూసుకుంటూ సరిగ్గా దించడం జరిగే పని కాదు.

సరిగ్గా మధ్యకు ఎలా పెట్టాలి?

తల పట్టుకున్నానని చెప్పింది ఇక్కడే. మొదటిసారి నేను డిక్కీ మీద ఉన్న కంపెనీ గుర్తును నడిమి అనుకుని దాన్నుంచి కొలిచాను. తీరా అంటించాక నాలుగు అడుగులు వెనక్కి వేసి చూస్తే ఒక పక్కకు వాలినట్టుంది. కొలిస్తే నాలుగు మిల్లీమీటర్లు. నాలుగు మిల్లీమీటర్లే కదా అంటారు చుట్టాలు. పార్కింగ్‌లో కారు దగ్గరికి నడిచి వచ్చిన ప్రతిసారీ నా కళ్ళు ముందు అక్కడికే పోయేవి.

కాబట్టి గుర్తునూ, తాళం రంధ్రాన్నీ నమ్మకండి. డిక్కీ మూతకూ పక్క బాడీకీ మధ్య ఉండే సందులను ఆధారంగా తీసుకోండి. ఎడమ సందు నుంచి కుడి సందు దాకా మూడు చోట్ల కొలవండి: గ్లాసు దగ్గర, నడుమ, వెనక అంచున. మూడింటి సగం దగ్గరా మాస్కింగ్ టేప్ అంటించి గీత పెట్టండి. మూడు గీతలూ ఒకే వరుసలో వస్తే అదే నడిమి. రాకపోతే ఎక్కడో తప్పు కొలిచారు.

స్పాయిలర్‌కు కూడా అలాగే నడిమి గుర్తు పెట్టి, రెండు గీతలూ కలిపి కూర్చోబెట్టండి. ఇప్పుడు రెండు చివర్ల నుంచి వెనక అంచుకు దూరం సమానంగా ఉందో లేదో చూడండి. అంతా కుదిరాక స్పాయిలర్ చుట్టూ డిక్కీ మీద మాస్కింగ్ టేప్‌తో గళ్ళు కట్టినట్టు హద్దు వేయండి. చివరికి అంటించేటప్పుడు మీరు చూసుకోవాల్సింది ఆ హద్దునే.

ఆ తర్వాత పది అడుగులు వెనక్కి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని చూడండి. తర్వాత డ్రైవర్ సీట్లో కూర్చుని లోపలి అద్దంలో చూడండి. వెనక వచ్చే బండ్ల లైట్లకు స్పాయిలర్ అడ్డం వస్తే, దాన్ని మార్చడానికి ఇదే ఆఖరి అవకాశం.

ఎలా శుభ్రం చేయాలి? కారు నిన్ననే కడిగాను.

చాలదు. షాంపూలో మెరుపు కోసం కలిపినవి, పాత వ్యాక్స్, సెరామిక్ కోటింగ్ అన్నీ టేప్‌కు శత్రువులే. నీళ్ళు పోస్తే ముత్యాల్లా దొర్లిపోతున్నాయంటే ఆ ఉపరితలం దేన్నీ అంటుకోనివ్వదని అర్థం. ముందు ఆ చోట వ్యాక్స్ పోయేలా రుద్ది, ఆ తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్ళు సగం సగం కలిపి తుడవండి. తడి గుడ్డతో ఒకసారి, వెంటనే పొడి గుడ్డతో ఒకసారి. ఆల్కహాల్ తనంతట తాను ఆరిపోయేదాకా వదిలేస్తే, కరిగిన మురికి మళ్ళీ అక్కడే పేరుకుంటుంది. గుడ్డ తెల్లగా వచ్చేదాకా చేయండి. ఆ తర్వాత వేలితో తాకి చూడకండి, వేలి జిడ్డు కూడా జిడ్డే.

థిన్నర్, పెట్రోల్ వాడవద్దు. థిన్నర్ పెయింట్‌ను తినేస్తుంది, పెట్రోల్ జిడ్డు పొర వదులుతుంది.

అంటించేటప్పుడు కాగితం మొత్తం ఒకేసారి పీకాలా?

పీకకూడదు. పీకితే ఎక్కడ తగిలితే అక్కడే పట్టేస్తుంది, జరపడం కుదరదు. టేప్ ప్రతి ముక్క చివరా ఎర్ర కాగితాన్ని రెండు, మూడు అంగుళాలు మాత్రం విప్పి, బయటికి కనబడేలా పక్కకు మడవండి. ఆ తోకలను మాస్కింగ్ టేప్‌తో స్పాయిలర్ పైభాగానికి అంటించి ఉంచండి. ఇప్పుడు స్పాయిలర్‌ను ఇద్దరూ పట్టుకుని హద్దు లోపల నెమ్మదిగా దించండి. చివర్లు పట్టుకుంటాయి, నడుమంతా ఇంకా కాగితం మీదే ఉంటుంది. అంతా సరిగ్గా ఉందని చూసుకుని, తోకలను ఒక్కొక్కటే పక్కకు, నేలకు సమాంతరంగా, మెల్లగా లాగండి. పైకి లాగితే తెగుతుంది. తెగి లోపల ఇరుక్కుంటే దాన్ని తీయడం నరకం.

తర్వాత నొక్కడం. టేప్ తాకి చూస్తే మెత్తగా ఉంటుంది కానీ జిగురు ఉపరితలం లోపలికి పారాలంటే ఒత్తిడి కావాలి. అరచేత్తో ఒక చివర నుంచి ఇంకో చివరకు, ప్రతి రెండు అంగుళాల దగ్గరా బరువంతా వేసి నొక్కండి. డిక్కీ మూత సొట్టపడేంత బలం వద్దు. ఆ పైన మాస్కింగ్ టేప్ పట్టీలు అడ్డంగా లాగి కట్టి ఒక రాత్రి వదిలేయండి.

వంకరగా పడితే? వెంటనే తీసి కొత్త టేప్ వేసి మళ్ళీ మొదలుపెట్టండి. ఒకసారి తగిలి లేచిన టేప్‌ను మళ్ళీ నొక్కితే అంటుకున్నట్టు నటిస్తుంది.

ఎండలో చేయొచ్చా? చలిలో?

నీడలో చేయండి. ఈ రకం టేపులకు సుమారు 21 నుంచి 38 డిగ్రీల సెల్సియస్ మధ్య వేడి అనువైనది. 10 డిగ్రీల కన్నా తక్కువ ఉంటే జిగురు గట్టిపడి సరిగ్గా పట్టదు. చలిరోజు అయితే డిక్కీనీ, టేప్‌నూ హెయిర్ డ్రయర్‌తో గోరువెచ్చగా చేయండి. ఎండలో నిలబెట్టిన నల్ల కారు డిక్కీ మీద చెయ్యి పెట్టలేకపోతున్నామంటే అది చల్లారేదాకా ఆగాలి.

ఎంతసేపటికి బండి తీయొచ్చు?

వీహెచ్‌బీ టేప్ మామూలు గది వేడిలో 20 నిమిషాలకు సగం పట్టు, 24 గంటలకు 90 శాతం, 72 గంటలకు పూర్తి పట్టు సాధిస్తుంది. కాబట్టి ఒక రోజు కదపకండి. మూడు రోజులు కడగకండి, హైవే ఎక్కకండి. గురువారం రాత్రి అంటిస్తే సోమవారం ఆఫీసుకు హాయిగా వెళ్ళొచ్చు.

డ్రిల్లు చేయాల్సిందే. ఎలా మొదలుపెట్టాలి?

లోపలి నుంచి మొదలుపెట్టండి. డిక్కీ తెరిచి, మూత లోపలి అట్ట క్లిప్పులు ఊడదీయండి. మూత ఒక రేకు కాదు, పైన ఒక రేకు, లోపల పక్కటెముకల్లాంటి ఇంకో రేకు ఉంటాయి. ఎక్కడ వైర్లు పోతున్నాయి, తాళం ఎక్కడుంది, పక్కటెముక ఎక్కడుంది అన్నీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. స్పాయిలర్ బోల్టు వచ్చే చోట లోపలి నుంచి చెయ్యి, పానా దూరతాయా లేదా చూడండి. చాలా మంది బయట చిల్లు పెట్టాకగానీ లోపల నట్టు పెట్టే దారి లేదని తెలుసుకోరు.

చిల్లు పెట్టే చోట రెండు పొరల మాస్కింగ్ టేప్ వేయండి. స్పాయిలర్‌తో కాగితం నమూనా వస్తే మంచిదే కానీ, దాన్ని నమ్మేముందు స్పాయిలర్ అసలు బోల్టుల దూరంతో పోల్చండి. నమూనా అచ్చు వేసేటప్పుడు సైజు మారిపోయిన సందర్భాలు ఉన్నాయి. గుర్తు పెట్టి, సెంటర్ పంచ్‌తో మెల్లగా ఒక గుంట చేయండి, బిట్టు జారిపోకుండా. 3 మిల్లీమీటర్ల బిట్టుతో ముందు చిల్లు పెట్టండి. ఆ బిట్టుకు మొన నుంచి ఒక సెంటీమీటరు వదిలి టేప్ చుట్టండి, అంతకంటే లోపలికి పోకుండా గుర్తుగా. అన్ని చిన్న చిల్లులూ అయ్యాక ఇంకోసారి స్పాయిలర్ పెట్టి చూసి, అప్పుడే పెద్దవి చేయండి. బోల్టు కన్నా చిల్లు కొంచెం పెద్దదిగా ఉంటే సర్దుకోవడానికి వీలుంటుంది.

రాలిన ఇనప రజనును చేత్తో తుడవకండి, పెయింట్ మీద గీతలు పడతాయి. వాక్యూమ్‌తో పీల్చండి, అయస్కాంతం తిప్పండి. ఒక్క రవ్వ మిగిలినా వానకు తడిసి మర్నాడు ఎర్రటి మచ్చ అవుతుంది.

చిల్లు పెట్టిన చోట తుప్పు పట్టదా? నీళ్ళు కారవా?

వదిలేస్తే రెండూ జరుగుతాయి. చిల్లు అంచు ఆకురాయితో నున్నగా చేసి, తుప్పు నిరోధక ప్రైమర్, దాని మీద టచ్‌అప్ పెయింట్ వేయండి, బాగా ఆరనివ్వండి. తర్వాత స్పాయిలర్‌కూ రేకుకూ మధ్య రబ్బరు వాషర్, చుట్టూ సీలెంట్.

సీలెంట్ దగ్గర ఒక జాగ్రత్త. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ వాడకండి. అది ఆరేటప్పుడు వదిలే ఆమ్లం ఇనుమును తింటుంది, కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నదే కొనండి.

మర్నాడు డిక్కీలో పాత న్యూస్‌పేపర్ పరిచి, బయట పది నిమిషాలు పైపుతో నీళ్ళు పోయండి. కాగితం మీద ఒక్క తడి చుక్క కనబడినా మళ్ళీ తీసి వేయాల్సిందే. స్టెప్నీ ఉండే గుంటలో చెయ్యి పెట్టి చూడండి, నీళ్ళు చివరికి చేరేది అక్కడికే.

బోల్టులు ఎంత గట్టిగా బిగించాలి?

రబ్బరు వాషర్ కొంచెం ఉబ్బేదాకా, అంతే. రేకు లోపలికి వంగుతోందంటే ఎక్కువైనట్టు. అన్నీ వేళ్ళతో పెట్టి, నడుమ నుంచి చివర్లకు వంతులవారీగా బిగించండి. వదులవకుండా నైలాన్ ఉన్న నట్లు వాడండి. బోల్టులు వదులవకుండా ఇంజన్ పనుల్లో వాడే థ్రెడ్‌లాకర్ ద్రవం ఏబీఎస్‌కు తగిలితే ప్లాస్టిక్ సన్నగా చిట్లుతుంది, అందుకని అది వద్దు.

ఎత్తు కాళ్ళ వింగ్ పెట్టాలని ఉంది.

డిక్కీ మూత పల్చటి రేకు. నాలుగు బోల్టుల దగ్గర బలమంతా పడితే ఆ రేకు ఊగుతుంది, కొన్నాళ్ళకు చిల్లుల చుట్టూ పగుళ్ళు వస్తాయి. లోపలి వైపు అరచేయంత లోహపు పలక వేసి బలాన్ని పరచాలి. ఇలాంటిది ఒకసారి అనుభవం ఉన్నవాళ్ళ పక్కన నిలబడి చూడకుండా చేయవద్దని నా సలహా.

స్పాయిలర్‌లో బ్రేక్ లైట్ ఉంది. వైరు ఎక్కడ కలపాలి?

కారుకు ఇప్పటికే వెనక గ్లాసు దగ్గర ఉన్న మూడో బ్రేక్ లైట్ వైర్లకు. స్పాయిలర్ ఆ పాత లైటును కప్పేస్తుంటే మాత్రం ఇది అలంకారం కాదు, తప్పనిసరి. వెనక వచ్చేవాళ్ళకు మీరు బ్రేక్ వేసింది ముందు కనిపించేది ఆ లైటులోనే. అమెరికాలో 1986 మోడల్ కార్ల నుంచి దాన్ని తప్పనిసరి చేశారు, తర్వాత చాలా దేశాలు అదే దారి పట్టాయి.

టెస్ట్ లైటు పెట్టి ఒకరిని బ్రేక్ తొక్కమని అడిగితే ఏది కరెంటు వైరో తెలిసిపోతుంది. ఎల్ఈడీకి ప్లస్, మైనస్ తారుమారైతే వెలగదు, తిప్పి కలపండి. వైర్లు మెలిపెట్టి ఇన్సులేషన్ టేప్ చుట్టే పద్ధతి డిక్కీలో నిలబడదు. టంకం వేసి, వేడి చేస్తే ముడుచుకుని బిగుసుకునే హీట్ ష్రింక్ గొట్టం తొడగండి. వైరు రేకులో నుంచి దూరే చోట రబ్బరు గ్రోమెట్ (చిల్లు అంచుకు తొడిగే రింగు) పెట్టండి, లేకపోతే రేకు అంచు దాన్ని కోసేస్తుంది. అన్నీ మూసేముందు ఒకసారి వెలిగించి చూడండి. చెప్పక్కర్లేదనుకున్నాను కానీ, నేనే ఒకసారి అన్నీ బిగించాక చూశాను.

పెట్టాక డిక్కీ మూత పైన నిలబడటం లేదు.

బరువు పెరిగింది. మూతను ఎత్తి పట్టే గ్యాస్ రాడ్‌లు ఆ మూత బరువుకే లెక్కగట్టినవి. అవి పాతబడి ఉంటే ఇంకా త్వరగా చేతులెత్తేస్తాయి. కొంచెం ఎక్కువ బలం ఉన్న రాడ్‌లు మార్చుకోండి. అప్పటిదాకా దాని కింద తల పెట్టకండి, పిల్లల్ని అసలు పోనివ్వకండి.

హ్యాచ్‌బ్యాక్ వాళ్ళకు వేరే జాగ్రత్తలేమైనా?

తలుపు పూర్తిగా పైకెత్తినప్పుడు స్పాయిలర్ ముందు అంచు పైకప్పుకు కొట్టుకుంటుందేమో చూడండి. పైకప్పు మీద షార్క్ ఫిన్ ఏంటెన్నా ఉంటే దానికీ. వెనక వైపర్, నీళ్ళు చిమ్మే నాజిల్, రివర్స్ కెమెరా మూసుకుపోకూడదు. కొన్ని కార్ల వెనక తలుపు ప్లాస్టిక్‌ది. అలాంటి దాని మీద ప్రైమర్ లేకుండా టేప్ సరిగ్గా పట్టదు.

చట్టం ఒప్పుకుంటుందా? ఇన్సూరెన్స్ సంగతి?

ఏ దేశంలో ఉంటే ఆ దేశపు వాహన చట్టం చూసుకోవాలి. చాలా దేశాలు పాటించే ఐక్యరాజ్యసమితి 26వ నిబంధన కారు బయటి భాగాలకు పదునైన అంచులు ఉండకూడదంటుంది, మూలల గుండ్రం 2.5 మిల్లీమీటర్లకు తగ్గకూడదంటుంది. కారు పక్క నుంచి నడిచేవాళ్ళకు, సైకిల్ మీద వచ్చి తగిలేవాళ్ళకు గాయం కాకూడదని. ఈ దృష్టితో చూస్తే కారు వెడల్పు దాటి బయటికి పొడుచుకొచ్చే వింగ్‌కు ఎక్కడా మంచి పేరు ఉండదు. ఇన్సూరెన్స్ కంపెనీకి ఒక మెయిల్ పెట్టి జవాబు దాచుకోండి.

వేగంలో ఈల వేసినట్టు శబ్దం వస్తోంది.

ఎక్కడో సందు ఉంది. చుట్టూ మాస్కింగ్ టేప్ అంటించి నడపండి, శబ్దం ఆగితే ఒక్కో వైపు టేప్ తీస్తూ పోతే ఆ సందు దొరుకుతుంది. అక్కడ సీలెంట్ సన్నగా పెట్టండి. టకటకమంటుంటే మాత్రం వదులైంది. అప్పుడు నడపడం ఆపి చూడండి, రోడ్డు మీద ఊడిపోతే వెనక వచ్చే బైకు మనిషికి ప్రమాదం.

ప్రెషర్ వాషర్‌తో కడగొచ్చా?

కడగొచ్చు, కానీ నాజిల్‌ను స్పాయిలర్ అంచు సందులోకి గురిపెట్టకండి. బ్రష్‌లు తిరిగే యంత్రాల్లోకి ఎత్తు వింగ్ ఉన్న కారును పంపకండి.

ఎప్పుడైనా తీసేయాలనిపిస్తే?

టేప్ అయితే హెయిర్ డ్రయర్‌తో వెచ్చబెట్టి, చేపల గాలపు దారాన్నో, పళ్ళ సందులు తోముకునే దారాన్నో కింద దూర్చి, రంపంలా అటూ ఇటూ లాగుతూ కోయండి. చాకు, స్క్రూడ్రైవర్ వద్దు. మిగిలిన జిగురును బొటనవేలితో ఉండలు చుట్టినట్టు రుద్దితే చాలా వరకు వచ్చేస్తుంది, మిగతాది జిగురు తీసే ద్రవంతో. కింద పెయింట్ కొత్తగా, చుట్టూ పాతబడి కనిపిస్తుంది. పాలిష్ పడితే తేడా తగ్గుతుంది కానీ ఏళ్ళ తరబడి ఎండలో ఉన్న కారు అయితే దగ్గర నుంచి చూసేవాళ్ళకు ఆ నీడ కనబడుతూనే ఉంటుంది.

బోల్టులు అయితే చిల్లులు వెల్డింగ్ చేయించి మూత మొత్తానికి రంగు వేయించాలి. లేదా పాత బండ్ల విడిభాగాల దగ్గర మీ రంగుదే ఇంకో మూత దొరుకుతుందేమో వెతకండి. నాలుగు చిల్లులకు రబ్బరు బిరడాలు పెట్టి తిరిగేవాళ్ళూ ఉన్నారు. నీళ్ళు లోపలికి పోకపోతే దానికీ నాకు అభ్యంతరం లేదు.